తడిక చెట్టు – చండ్ర చెట్టు

(సంఘ సభయందు గావించిన ప్రసంగపాఠము)



తుమ్మచెట్టు నెరుగని తెలుగువాడుండడు. చెరువుగట్టున మేకలకాపరికి నీడనిచ్చినది తుమ్మ. బండిచక్రములకును నాగళ్లకును కఱ్ఱనిచ్చినది తుమ్మ. వేకువనే పండ్లు తోముకొనుటకు పుల్లనిచ్చినదియు, తోలు ఊనుటకు బెరడునిచ్చినదియు, కార్యాలయములలో కాగితములంటించుటకు బంకనిచ్చినదియు నదియే. ఇంత యుపకారము చేసినదానికి మనవారిచ్చిన గౌరవ మేమనగా, చదువురాని పిల్లవానిని 'తుమ్మమొద్దు' అని తిట్టుట! ప్రపంచ వృక్షశాస్త్రజ్ఞులు మాత్రము దానికి చాల కాలము మర్యాద చేసిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో డయొస్కొరిడీస్ అను గ్రీకు వైద్యుడు ఈజిప్టు దేశపు తుమ్మను 'అకేకియ' యని వ్రాసెను. ఆ పేరే 1754లో ఫిలిప్ మిల్లర్ అను ఆంగ్ల వనపాలకుని చేతిలో 'అకేసియా' యను ప్రజాతి నామముగా స్థిరపడెను. ఆ ప్రజాతికంతకును మూలపురుషుడు నైలునది యొడ్డున మొలచు తుమ్మ. అది మన పల్లెలలోని నల్లతుమ్మయే.

2005 మొదలు 2011 వరకు జరిగిన ఒక వ్యవహారమువలన ఆ పేరు తుమ్మకు లేకుండ పోయినది. ఇంటిపేరును పట్టుకొని పోయినవారు ఆస్ట్రేలియా ఖండములోని పొదలును చెట్లును. వానిని అచ్చటివారు వాటిల్ అందురు. ఈ ప్రసంగము ఆ వాటిళ్లను గూర్చియు, వానిలో మిక్కిలి అరుదైన ఒక చిన్న పొదను గూర్చియు, మన బస్తరు అడవులలో వాని దాయాదులను గూర్చియును.

బస్తరును 'మన' యనుటకు హేతువు లేకపోలేదు. ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి ప్రాంతమునకు పోయి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు ఐతిహ్యము. దంతేశ్వరీదేవి ఆ వంశమునకు ఇలవేలుపు. నేటికిని భోపాలపట్నము, కుంట ప్రాంతములలో తెలుగు వినబడుచుండును. దొర్లవారి పలుకులో తెలుగుమాటలు మెండు. ఇక కేంద్రప్రభుత్వోద్యోగులకు బస్తరుతో గల సంబంధము వేరొక దారిన వచ్చినది. 1958లో తూర్పుబెంగాలు నిరాశ్రయుల పునరావాసమునకై దండకారణ్య పథక మేర్పడినది. అది కోరాపుట్, బస్తరు జిల్లాలలో పనిచేసినది. ఆ సంవత్సరమే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ పుట్టినది. దాని కేంద్రకార్యాలయము హైదరాబాదు. 1960లలో విశాఖపట్టణము వైపునుండి అనంతగిరి, అరకు కొండలను తొలిచి కిరందూలు వరకు రైలుమార్గము వేసిరి. 1968 మొదలు బైలడిల్లా ఇనుపఖనిజము ఆ మార్గమున రేవునకు దిగుచున్నది. బైలడిల్లా యనగా ఎద్దుమూపురము. దూరమునుండి చూచినచో ఆ పర్వతపంక్తి నిజముగా నట్లే యుండును. కిరందూలు, బచేలి నివాసములలో సంక్రాంతి ముగ్గులు వేసిన తెలుగు గృహిణుల సంఖ్య తక్కువ కాదు.

వాటిల్ అను మాటకు అర్థము చెప్పినచో ఆ గృహిణులకు నవ్వు వచ్చును. అది ఏ పూవు పేరును కాదు, ఏ ఋషి పేరును కాదు. వాటిల్ అనగా తడిక! పాత ఆంగ్లభాషలో సన్నని కొమ్మలను అడ్డముగా నిలువుగా నల్లి, దానిపై బంకమన్ను మెత్తి గోడ కట్టుటకు ఆ మాట వాడుక. 1788లో సిడ్నీ రేవున దిగిన ఆంగ్లేయులకు ఇటుక చాలలేదు, సున్నము లేదు. చెంత దొరకిన లేతమాకులను నరికి తడికలల్లి, మట్టి పూసి, గుడిసెలు వేసికొనిరి. తడికకు పనికివచ్చిన చెట్టు తడికచెట్టయ్యెను. ఇందులో నొక చమత్కారము కలదు. వారు మొట్టమొదట 'నల్ల వాటిల్' అని పిలిచి నరికిన మొక్క అకేసియాయే కాదు. కేలికోమా యను వేరొక కుటుంబపు పొద. పూవు మాత్రము గుండ్రని పసుపు పొత్తివలె నుండుటచే పోలిక కుదిరినది. సిడ్నీలో నేటికిని ఆ పేరు గల సముద్రపుపాయ ఉన్నది. పిమ్మట ఆ పేరు ఖండమంతట తుమ్మజాతికి వ్యాపించినది.

బస్తరులో గోండుల, మురియాల యిండ్లు చూచినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. వెదురుబద్దలనో సన్నని కఱ్ఱలనో అల్లి, ఎఱ్ఱమట్టి మెత్తి, పేడతో నలికిన గోడలవి. సిడ్నీలో దిక్కుతోచక చేసిన పని ఇచ్చట వేల యేండ్ల నాటి చక్కని విద్య. వారి గుడిసెలు కొలది కాలములోనే రాతియిండ్లకు చోటిచ్చినవి. ఇచ్చట తడికగోడ నేటికిని వేసవిలో ఇంటిని చల్లగా నుంచుచున్నది. ఇటుకయింటికి మారిన తరువాతనే ఆ చల్లదనపు విలువ తెలియును.

ఆస్ట్రేలియాలో వాటిల్ జాతులు సుమారు వేయి. ఆ ఖండములో పూచెడు మొక్కలలో ఇంత పెద్ద ప్రజాతి మరియొకటి లేదు. ఎడారి యిసుకలో మోకాలెత్తు పొదలు మొదలు తడియడవులలో నూరడుగుల వృక్షముల వరకు అన్ని తరగతులును వానిలో నున్నవి. 'బంగారు వాటిల్' అనునది 1988 సెప్టెంబరు 1వ తేదీన ఆ దేశపు జాతీయ పుష్పముగా ప్రకటింపబడినది. అచ్చటి క్రీడాకారులు ధరించు ఆకుపచ్చ, పసుపు రంగులు ఆ ఆకునకును పూవునకును గుర్తుగా భావింపబడుచున్నవి. క్రికెట్ ఆట చూచు మన పిల్లలకు ఆ రంగులు తెలియును గాని చెట్టు తెలియదు.

వీని లక్షణములలో మొదట చెప్పదగినది ఆకు. మన తుమ్మకు ఆకు ఈకవలె చీలి, చిన్నచిన్న రెక్కలు గలది. వాటిల్ మొక్క విత్తు పగిలి మొలచినపుడు దానికిని అట్టి యీకయాకులే వచ్చును. నాలుగైదు ఆకులు వచ్చునప్పటికి ఒక వింత మార్పు కనబడును. ఆకుతొడిమ క్రమముగా వెడల్పగుచు, చదునగుచు, కొడవలివలె వంగి, తానే ఆకుగా మారును. దాని కొనయందు వ్రేలాడు రెక్కలు చిన్నవై, చిన్నవై, ఒకనాటికి మాయమగును. పెద్దచెట్టున మనము ఆకులనుకొనునవి చాల జాతులలో ఆకులు కావు, తొడిమలు! మన యింటర్మీడియెటు వృక్షశాస్త్ర పుస్తకములలో దీనిని ప్రభాసనమని వ్రాసి, ఆస్ట్రేలియా తుమ్మనే ఉదాహరణముగా చూపుదురు. పిల్లలు దానిని కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదురు. వీథిచివర నిలిచియున్న చెట్టే యదియని ఎవరైన చూపినచో ఆశ్చర్యపడుదురు. ఎండ మెండుగాను వాన అరుదుగాను గల దేశములో ఈ యేర్పాటు లాభకరము. పలుచని రెక్కలు నీటిని త్వరగా పోగొట్టుకొనును. దళసరి తొడిమ అట్లు పోగొట్టుకొనదు. పైగా అది నిలువుగా నిలిచి, నడిమింటి ఎండకు తన యంచునే చూపును గాని ముఖము చూపదు.

రెండవ భేదము ముల్లు. మన తుమ్మకు తెల్లని పొడవైన ముండ్లు. అవి లేనిచో మేకలు, జింకలు లేతమొక్కను మిగుల్చునా? ఆస్ట్రేలియాలో గిట్టలు గల మేతజంతువులు మనుష్యులు తెచ్చువరకు లేవు. అందుచే గాబోలు, అచ్చటి జాతులలో పెక్కింటికి తుమ్మముండ్లవంటి ముండ్లు లేవు. విత్తులు చల్లు తీరును వేరే. మన తుమ్మకాయను మేకలు తిని, గట్టివిత్తులను పేడతోపాటు విడిచిపెట్టును; కడుపులో నానిన ఆ విత్తులు చక్కగా మొలచును. వాటిల్ విత్తునకు మేకతో పనిలేదు, చీమతో పని. పెక్కు జాతులలో విత్తునకు క్రొవ్వుగల చిన్న తొడుగు ఒకటి అంటియుండును. చీమలు దానికాసపడి విత్తును పుట్టలోనికి ఈడ్చుకొనిపోయి, తొడుగును తిని, విత్తును విడిచివేయును. భూమిలో అట్లు పాతబడిన విత్తు పదుల సంవత్సరములు బ్రతికియుండగలదు. కారుచిచ్చు వచ్చి పైచెట్టు కాలిపోవును. ఆ వేడికి విత్తుపెచ్చు చిట్లును. తరువాతి వానకు ఒక్కసారిగా వందల మొక్కలు తలయెత్తును. తండ్రి దహనమైన చోటనే బిడ్డలు పుట్టుట!

వేళ్లయందలి బుడిపెలలో సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యుంచుట తుమ్మకును వాటిల్‌కును సమానమే. చిక్కుడు, కంది మొదలగు కుటుంబమునకు వచ్చిన పెద్దల ఆస్తి యది. అందుచేతనే బీదనేలపై ఈ చెట్లు నిలువగలవు. ఆస్ట్రేలియా ఆదివాసులు కొన్ని జాతుల విత్తులను వేయించి, విసరి, పిండిచేసి రొట్టెలు కాల్చుకొనిరి. ఆ జాతులలో నొకటి ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో పశ్చిమాఫ్రికాలోని నైజరు దేశపు కరవు ప్రాంతమునకు చేరి, అచ్చటి పల్లెలలో తిండిగింజగా పరీక్షింపబడినది.

ఇక అరుదైన పొద మాట. వాటిల్ పూవు పసుపు, లేక లేతపసుపు, లేక తెలుపు. వేయి జాతులలో ఊదారంగు పూలు పూచునది ఒక్కటే యని చెప్పుదురు. క్వీన్స్‌లాండు రాష్ట్రపు ఉత్తరభాగమున హెర్బర్టన్, అర్విన్‌బ్యాంక్ అను చిన్న ఊళ్ల పరిసరమునందలి రాతికొండలపై తప్ప మరెక్కడను అది సహజముగా పెరుగదు. 1906లో ఫ్రెడరిక్ మాన్సన్ బెయిలీ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి, 'ఊదారేకులది' యను అర్థము వచ్చునట్లు పర్ప్యూరియోపెటలా యని పేరు పెట్టెను. అది నేలకు దగ్గరగా కొమ్మలు చాచు చిన్న పొద. మట్టి అంతగా లేని రాతివాలున, నీలగిరి చెట్ల జాతికి చెందిన పలుచని యడవిలో, తెలిసినవాడు చూపనిదే కంటబడదు. పూచినపుడు మాత్రము రాళ్ల నడుమ ఎవరో ఊదారంగు ఉండలు దొరలించి పోయినట్లుండును. ఆస్ట్రేలియా కేంద్రప్రభుత్వపు 1999 నాటి పర్యావరణ శాసనము క్రింద అది అంతరించు ప్రమాదము తీవ్రముగా నున్న జాతుల పట్టికలో చేర్చబడినది.

ఒక మొక్క అరుదైనదన్నచో రెండు తీరులుగా ఉండవచ్చును. ఒకప్పుడు అంతటను ఉండి, నరుకుటవలన తగ్గినది ఒకటి; పుట్టినప్పటినుండియు ఒకే కొండపై ఉన్నది మరియొకటి. ఈ పొద రెండవ తీరుది. దీనికి బలహీనత ఏదనగా తాను ఎంచుకొన్న చోటు. 1880లో హెర్బర్టన్ వద్ద తగరము బయటపడినది. ఆ ప్రాంతమంతయు తగరపు గనుల సీమయయ్యెను. అర్విన్‌బ్యాంకులో తగరము కరగించు కొలుములు వెలసినవి. మొక్క కోరుకొన్న రాతికొండయు, మనిషి కోరుకొన్న రాతికొండయు ఒకటే యైనవి.

బస్తరు నెరిగినవారికి ఇచ్చట చెవి నిక్కవలెను. భారతదేశములో తగరపు ఖనిజము తీయుచున్న రాష్ట్రము ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. అదియు బస్తరు దక్షిణభాగమున, దంతెవాడ, సుక్మా జిల్లాలలో. వాగుల యిసుకను గిన్నెలలో కడిగి, నల్లని బరువైన రేణువులను ఏరి, ఆదివాసి స్త్రీపురుషులు ప్రభుత్వసంస్థలకు అమ్ముచుందురు. బైలడిల్లా ఇనుపకొండ యుండనే యున్నది. ఆ కొండ లోయలలో, నీటిఊటల చెంత, చెట్టంత ఎత్తు పెరుగు ఫెర్నుమొక్కలున్నవి. మన మైదానములలో కుండీలో జానెడు పెరుగు జాతి అచ్చట మ్రానుగట్టి నిలుచును. అదియు తన చోటు విడిచి బ్రతుకలేనిదే. కొండపై ఖనిజమునకు విలువకట్టు దస్త్రమునందు లోయలోని నీటిఊటకు ఒక పంక్తియైనను ఉండవలెనన్నచో, ఆ దస్త్రము వ్రాయువానికి ఆ మొక్క పేరు తెలిసియుండవలెను. పేరు తెలియనిదానిని గూర్చి టిప్పణి వ్రాయుట ఎవరికిని సాధ్యము కాదు.

బస్తరునకును ఆస్ట్రేలియాకును ఇంకొక బంధుత్వమును కొందరు ముచ్చటగా చెప్పుచుందురు. భారతదేశము, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే ఖండము. దానికి భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. గోండుల దేశము పేరే అది. కనుక తుమ్మయు వాటిల్‌యు ఆ కాలపు అన్నదమ్ములని ఊహింప బుద్ధిపుట్టును. ఊహ ఇంపైనదే కాని లెక్క కుదరదు. భారతదేశము ఆ ఖండమునుండి విడివడి సుమారు పదమూడు కోట్ల సంవత్సరములైనది. చిక్కుడు కుటుంబపు ఆనవాళ్లు శిలలలో కనబడునది సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందటినుండి మాత్రమే. అన్నదమ్ములు పుట్టకముందే ఇల్లు విడిపోయినది! తరువాత విత్తులు గాలిలోనో నీటిలోనో పక్షులతోనో ఖండమునుండి ఖండమునకు చేరి, చేరినచోట వేరు సంసారములు పెట్టుకొన్నవి.

ఆ వేరు సంసారములే పేరు తగవునకు మూలము. ఇరువదవ శతాబ్ది చివర పరిశోధకులు వంశపరీక్ష చేయగా, అకేసియా యని ఒక్క కప్పు క్రింద నున్నవి నిజమునకు ఒక్క కుటుంబము కావని తేలినది. విడగొట్టక తప్పదు. విడగొట్టినచో పాతపేరు ఎవరికి? వృక్షశాస్త్రజ్ఞుల నిబంధనావళి ప్రకారము పేరు మూలపురుషుని వెంట పోవలెను, అనగా తుమ్మ వెంట. అట్లు చేసినచో ఆస్ట్రేలియాలోని సుమారు వేయి జాతులకు క్రొత్త పేర్లు పెట్టవలెను. తుమ్మవర్గము నూటయరువది జాతులు, చండ్రవర్గము రెండువందల పైచిలుకు. కావున మూలపురుషునే మార్చి, ఆస్ట్రేలియా జాతి నొకదానిని ఆ స్థానమున కూర్చుండబెట్టవలెనని 2003లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. మన పరిభాషలో చెప్పినచో, నిబంధన సడలింపు కోరిరి. ఉపసంఘము ఒప్పుకొన్నది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ మహాసభలో ఆఫ్రికావారును మరికొందరును అభ్యంతరము తెలిపిరి. ఓటింగు జరుగగా సడలింపునకు ప్రతికూలముగా సుమారు 55 శాతము వచ్చినది. అధికసంఖ్యాకులు కాదన్నారు గదా, ప్రతిపాదన వీగిపోయినదనుకొందురేమో! ఉపసంఘపు సిఫారసును త్రోసిపుచ్చుటకు 60 శాతము కావలెనని అచ్చటి విధానము. అరువది రాలేదు, సిఫారసు నిలిచినది. 2011లో మెల్‌బోర్న్ మహాసభలో అదియే ఖాయమైనది. సభ జరిగినది ఆస్ట్రేలియాలోనే యని వేరుగా చెప్పనక్కరలేదు. విధాన ప్రశ్నలపై పొరుగు దేశముల శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి వాదించిరి. సచివాలయములలో పనిచేసిన వారికి ఇందు ఏ పక్షమును పూర్తిగా తప్పనుటకు మనసొప్పదు: ఒక చేత లిఖితనిబంధన, ఒక చేత పరిపాలనా సౌకర్యము. న్యాయము తుమ్మ పక్షమున నున్నట్లు తోచును. సౌకర్యము వాటిల్ పక్షమున నున్నది. ప్రపంచములో పెక్కు వ్యవహారములు ఇట్లే తీరుచున్నవి.

తుమ్మకు ఇప్పుడు వ్యాచెలియా యని పేరు. చైనా తీరమున ఈస్టిండియా కంపెనీకి మతగురువై, మొక్కలను సేకరించిన వ్యాచెల్ అనువాని పేర 1834లో రాబర్ట్ వైట్, ఆర్నట్ అనువారు కస్తూరితుమ్మకు పెట్టిన ప్రజాతి నామమది. నూటడెబ్బది యేండ్లు మూలనుండి, తిరిగి పనికివచ్చినది. చండ్రకు సెనెగాలియా యని పేరు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశమునుండి వచ్చినది. బస్తరు అడవిలో తరతరములుగా నిలిచిన చెట్టుకు సెనెగల్ ఇంటిపేరు!

ఇంటిపేరు పోయినను చండ్రకు సొంతపేరు పోలేదు, అది తెలుగుపేరు. ఈ కథ సామర్లకోటలో నడచినది. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు కంపెనీ కొలువున మద్రాసు చేరి, 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నుండెను. గోదావరి మండలములోని చెట్టుచేమలను పరిశీలించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, ప్రతి మొక్కకును తెలుగువారు వాడు పేరును అడిగి వ్రాసికొనుట ఆయన యలవాటు. కోరమాండల్ తీరపు వృక్షములను గూర్చి 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా మూడువందల వర్ణచిత్రములతో వెలువడిన గ్రంథమునకు పునాది ఆ పని. అందులో చండ్రచెట్టు తన తెలుగు పేరుతోనే ప్రవేశించినది: 'సుండ్ర' యని ఒకచోట, అంతకు ముందే 1803లో రాట్లర్ అను మతాచార్యుని ద్వారా అచ్చైన రూపములో 'చుండ్ర' యని. ముందు అచ్చైన రూపమే నిలుచుననునది నిబంధన. కావున నేటి శాస్త్రగ్రంథములలో ఆ చెట్టు సెనెగాలియా చుండ్ర. ఉచ్చారణ కొంచెము వంకర తిరిగినను మాట మనదే. సామర్లకోట తోటమాలియో, కట్టెలమ్మువాడో, ఎవడో పలికిన పలుకు అచ్చై, వియన్నా, మెల్‌బోర్న్ ఓటింగులను దాటి నిలిచినది.

చండ్రకు ఉత్తరదేశపు దగ్గరిచుట్టము ఖైరు, సంస్కృతములో ఖదిరము. శాస్త్రజ్ఞులలో కొందరు రెంటిని ఒకే జాతియందురు, కొందరు వేరందురు. యజ్ఞయూపమునకు శ్రుతిచెప్పిన కఱ్ఱలలో ఖదిరమొకటి. నవగ్రహ హోమమున అంగారకునకు ఖదిరసమిధ. చండ్రకఱ్ఱ బొగ్గు ఎంత తీక్ష్ణముగా మండునో మన భాషయే చెప్పును: కోపముతో ఎఱ్ఱబడిన కన్నులను 'చండ్రనిప్పులు' అన్నంత స్పష్టముగా మరే చెట్టునిప్పును తెలుగు కవులు వాడలేదు. తాంబూలములోని కాచు ఈ చెట్టు చేవయే. చేవను చిన్నచిన్న పేళ్లుగా చెక్కి, కుండలలో నీటితో మరగించి, కషాయము చిక్కబడిన తరువాత చల్లార్చినచో కాచు పేరుకొనును. మిగిలిన నల్లని రసము వలలకును తెరచాపలకును రంగువేయుటకు పనికివచ్చెడిది. బస్తరులో ఉత్తరమున సాలవృక్షముల యడవి, దక్షిణపశ్చిమమున టేకు. రెండును కలియు ఎండుటడవులలో, గోదావరి ఇంద్రావతుల వైపు వాలులలో, ఈ చెట్టు కనబడును. చేవకై దొంగచాటుగా నరుకుట దానికి పెద్ద ఆపద. చేవ ముదురుటకు పదుల యేండ్లు పట్టును. నరుకుటకు ఒక రాత్రి చాలును.

1950లో వనమహోత్సవ మారంభమైనప్పటినుండి ప్రభుత్వ నివాసములలోను, రహదారులవెంటను, గనుల మట్టిదిబ్బలపైనను నాటబడిన వానిలో ఆస్ట్రేలియా తుమ్మకు పెద్దపీట లభించినది. 1946లో పశ్చిమబెంగాలులో ప్రవేశపెట్టబడిన ఆ చెట్టు దేశమంతట వ్యాపించినది. దానిని నిందించుట తగదు. పశువులు ముట్టవు, నీరడుగదు, మూడేండ్లలో ఆకుపచ్చని తెర కట్టును, బీదమట్టిని పట్టి నిలుపును, వంటచెరకు నిచ్చును. లెక్కచూపవలసిన అధికారికి అంతకంటె సులభమైన చెట్టు దొరకదు. కాని దాని తొడిమయాకులు రాలి నేలను దట్టముగా కప్పును, త్వరగా కుళ్లవు. క్రింద వేరు మొక్క మొలచుట అరుదు. నీలగిరులలో పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున కట్టెలకని తెచ్చిన వాటిళ్లు పచ్చికమైదానములను కప్పివేసినవి. వానిని పెరికివేయవలెనని నేడు న్యాయస్థానముల వరకు పోవలసివచ్చినది. అచ్చట ఊదాపొద తన కొండను కాపాడుకొనలేకపోవుచున్నది. ఇచ్చట దాని చుట్టములు ఇతరుల కొండల నాక్రమించినవి. ఒకే వంశమునకు రెండు గతులు!

పరదేశపు చెట్టుతో అడవిని మార్చు ప్రయత్నము బస్తరులో ఒకమారు పెద్దయెత్తున జరుగనుండెను. 1970లలో ప్రపంచబ్యాంకు సహాయముతో సాలవనము స్థానమున కరీబియా పైను చెట్లను నాటి, కాగితపు గుజ్జునకు వినియోగింపవలెనని పథకము వేసిరి. సాలవృక్షము గోండులకు దేవత. దాని గింజనుండి నూనె, ఆకునుండి విస్తళ్లు, జిగురునుండి ధూపము. పైను క్రింద అవేవియు దొరకవు. ఆదివాసులు వ్యతిరేకించిరి, 1980ల ఆరంభమున ఆ పథకము విరమింపబడినది. దస్త్రములో 'అడవి' యని వ్రాసిన మాటకు ఆకు, గింజ, ధూపము అను అర్థములు కలవని ఆనాడు తెలిసినది.

బస్తరులోనో, మరెక్కడనో నివాసములలో ఖాళీస్థలము గలవారు చండ్ర నాటదలచినచో పని కష్టము కాదు. కాయలు చలికాలమున గోధుమరంగుకు తిరిగి ఎండును. చెట్టుననే పగులకముందు కోసి, నీడన ఆరబెట్టి, విత్తులు రాల్చవలెను. వాటిల్ విత్తువలె ఇది ఏండ్లకొలది నిలువయుండదు, అగ్గి కొఱకు వేచియుండదు. ఆ యేటి విత్తును ఆ యేడే వేయవలెను. తుమ్మవిత్తు నాటువారు మాత్రము మరిగి దించిన నీటిలో వైచి, ఆ రాత్రి నాననీయవలెను. మేకకడుపు చేయవలసిన పని ఆ వేడినీరు చేయును. చండ్రకు ఆ శ్రమయు లేదు. తొలకరికి ముందు మట్టిసంచులలో రెండేసి విత్తులు వేసి, వారము పదిదినములలో మొలక రాగానే బలహీనమైనదానిని తీసివేయవలెను. ఆషాఢపు వానలలో గోతిలోనికి మార్చి, మొదటి రెండు సంవత్సరములు కంచె వేసి మేకలనుండియు, మొదలుచుట్టు పెరుగు గడ్డినుండియు కాపాడినచో, ఆ తరువాత దాని ముండ్లు దానిని కాపాడుకొనును. కంచెకు ఇనుపతీగ అక్కరలేదు. నాలుగు వెదురుబద్దలల్లిన తడిక చాలును.